ఉప్పాడ మగ్గం గదిలో బిగుసుకున్న కుళాయి

జూన్ నెల రెండో గురువారం, ఉదయం పదకొండు గంటల ఇరవై రెండు నిమిషాలు. కుళాయిలో బిగుసుకున్న కార్ట్రిడ్జ్ ఆఖరి మర విప్పేముందు గడియారం చూసుకోవడం నా అలవాటు. అందుకే ఆ నిమిషం ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఆ నిమిషం వరకు నేను ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్లంబింగ్ పని చేస్తున్న మనిషిని. ఒక్కసారి కూడా ఒకరి ఇల్లు ముంచలేదు. ఆ తరవాత ఆ మాట అనుకునే వీలు లేకపోయింది.

ఈ మధ్య మా రాజమండ్రిలో ప్లంబింగ్ నేర్చుకోవడానికి ఆడపిల్లలు కూడా చేరుతున్నారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు మా ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు చెప్పండి ఆంటీ" అని అడిగారు. ఎన్ని ఇళ్ళు చేశానో, ఎవరు మెచ్చుకున్నారో చెబితే వాళ్ళకు ఒరిగేదేమీ లేదు. పని నాకు ఎక్కడ బుద్ధి చెప్పిందో చెబుతాను.

నేను ఈ పనిలోకి ఎలా వచ్చాను

మా ఆయన వెంకట్రావు ప్లంబరు. నీళ్ళ ట్యాంకు బిగిస్తూ పడిపోయి నడుం దెబ్బతింది. బరువులు ఎత్తలేని స్థితి. ఒప్పుకున్న పనులు పదకొండు ఉన్నాయి. ఆయన పనిముట్ల సంచీ నేను మోసుకెళ్ళేదాన్ని, ఆయన స్టూలు మీద కూర్చుని చెబుతుంటే నేను విప్పేదాన్ని. నాలుగు నెలలకు ఆయన రావడం మానేశారు. నేను మానలేదు.

అసలు పని నేర్పింది సత్తిరాజు మేస్త్రి. మా ఆయనకు గురువు. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. మొదటి వారంలోనే ఒక పాత కుళాయి తెచ్చి నా ముందు పడేసి, లోపలి కార్ట్రిడ్జ్ తియ్యమన్నాడు. కార్ట్రిడ్జ్ అంటే కుళాయి పిడి కింద ఉండే ఇత్తడి ముక్క. పిడి తిప్పితే నీళ్ళను వదిలేదీ ఆపేదీ అదే. దాని చుట్టూ ఉప్పు పేరుకుని రాయిలా పట్టేసి ఉంది. నేను పళ్ళు బిగించి రెంచితో లాగుతున్నాను. ఆయన బీడీ ఆర్పి నవ్వాడు.

"ఏమ్మా తాయారూ, దాంతో కుస్తీ పడతావేంటి? అదేమన్నా నీ ఆడపడుచా?"

"రావట్లేదండి మరి."

"రాదు. నువ్వు లాగుతున్నావు కాబట్టి రాదు. పక్కన కూర్చో. వెనిగర్ గుడ్డ చుట్టి, కాఫీ తాగి రా. ఇంకో కాఫీ తాగి రా. అప్పుడు అడుగు, లాగకు."

అడగడమంటే, కుడికి వెంట్రుకవాసి, ఎడమకు వెంట్రుకవాసి తిప్పి చూడడం. అదే అసలు విద్య. పేరుకున్న ఉప్పుకు వెనిగర్ కావాలి, తుప్పుకు నూనె కావాలి, రెంటికీ వేడి నీళ్ళలో ముంచిన గుడ్డ కావాలి. అన్నిటికన్నా ఎక్కువ టైము కావాలి. బలం చివరిది.

ఆయన చెప్పిన రెండో మాట ఇంకా ముఖ్యం. "నీళ్ళు కట్టేశామో లేదో వాల్వు చూసి చెప్పకు. ఏ కుళాయి విప్పుతావో ఆ కుళాయే తెరిచి చూడు." ఆ మాట నేను ఇరవై మందికైనా చెప్పి ఉంటాను.

మండపేటలో పగిలిన గోడ

మూడో ఏడాది ఒక తప్పు చేశాను. మండపేటలో ఒక రైస్ మిల్లు యజమాని ఇల్లు. స్నానాల గదిలో కుళాయి గోడలోకి బిగించింది. పిడి, మూతి మాత్రమే బయటికి కనిపిస్తాయి, మిగతాదంతా గోడ లోపలే. ఆయన గుమ్మంలో నిలబడి ప్రతి ఐదు నిమిషాలకీ, "ఎంతసేపండి, అవతల లారీలు ఆగున్నాయి" అంటున్నాడు. ఆ లారీలకూ ఈ కుళాయికీ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తొందరపడ్డాను. ఒక రెంచితో కుళాయిని కదలకుండా పట్టి, రెండో రెంచితో కార్ట్రిడ్జ్ తిప్పాలి. నేను ఒక్క రెంచితోనే తిప్పాను. కార్ట్రిడ్జ్ తిరగలేదు, గోడ లోపలి కుళాయి తిరిగింది, పైపు విరిగింది. టైల్స్ తొమ్మిది పగలగొట్టాల్సి వచ్చింది. ఆ రంగు టైల్స్ మళ్ళీ దొరకలేదు.

అప్పటినుంచి గుమ్మంలో నిలబడి తొందరపెట్టే మనిషిని వేరే పని మీద పంపించడం నేర్చుకున్నాను. వేడి నీళ్ళు కాచి పెట్టమనండి. పావుగంట మీది.

దానివల్ల నాకు ఒక పేరు కూడా వచ్చింది. గోడ పగలగొట్టకుండా బిగుసుకున్న కార్ట్రిడ్జ్ తీసే మనిషి తాయారమ్మ అని. ఆ పేరే నన్ను ఉప్పాడ తీసుకెళ్ళింది.

ఎందుకు పిలిచారు

రాజమండ్రిలో నేను పనిచేసే ఒక ఇంటావిడ చెల్లెలు నూకరత్నం. ఉప్పాడలో మగ్గం మీద జాంధానీ చీరలు నేస్తుంది. ఆమె ఫోన్ చేసింది.

"పిన్నిగారండి, మగ్గం గదిలో కుళాయి ఇరవై రోజులుగా బిగుసుకుపోయిందండి. ఇక్కడి ప్లంబరు గోడ కొట్టాలంటున్నాడు. గోడ కొడితే సిమెంటు దుమ్ము పట్టు మీద పడుతుందండి. మీరైతే కొట్టకుండా తీస్తారంట కదా."

మగ్గం గదిలో కుళాయి ఎందుకంటే, పట్టు ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలి. చెమట చెయ్యి తగిలితే జరీ నల్లబడుతుంది. కుళాయి పనిచేయకపోతే ప్రతిసారీ మగ్గంలోంచి లేచి వంటింటికి పోవాలి. రోజుకు పదిహేనుసార్లు.

ఆ గురువారం పొద్దున్న తొమ్మిదీ నలభైకి చేరాను. నూకరత్నం, ఆమె భర్త వీరబాబు మగ్గంలో పక్కపక్కన కూర్చుని ఉన్నారు. వాళ్ళది గుంత మగ్గం. నేలలో రెండున్నర అడుగుల గొయ్యి, అందులో కాళ్ళు పెట్టి నేలమీద కూర్చుని నేస్తారు. మీగడ రంగు పట్టు, ఎర్ర అంచు. బుటాలు నేను ఎక్కడా చూడనివి. వల ఎండేసినప్పుడు గాలికి ఉబ్బుతుందే, ఆ ఆకారం.

"ఇది ఎవరి డిజైనండి?" అన్నాను.

వీరబాబు భార్య వైపు తల ఊపాడు. "ఈవిడగారిదే. కాగితం మీద తనే గీసింది. ఇప్పటిదాకా షావుకారు ఇచ్చిన డిజైన్లే నేశాం. ఇది మొదటిది. ఇది బాగా కుదిరితే ఇకనుంచి ఈవిడ డిజైన్లే నేయమన్నాడండి షావుకారు."

"కుదరకపోతేనో?"

"కుదరకపోతే రొయ్యల ఫ్యాక్టరీకే" అంది నూకరత్నం, తల ఎత్తకుండా. "మా వీధిలో సగంమంది అక్కడే ఉన్నారండి. పొద్దున్నే బస్సు వచ్చి ఎక్కించుకుపోతుంది."

నేను లెక్కలు వేయకుండా ఉండలేను. రోజుకు మూడున్నర అంగుళాలు. అప్పటికి నలభై ఒక్క రోజులు, అంటే నూట నలభై మూడున్నర అంగుళాలు. నాలుగు గజాలకు అర అంగుళం తక్కువ. ఇంకా డెబ్బై రెండున్నర అంగుళాలు నేయాలి, ఇరవై ఒక్క రోజులు పడుతుంది. అది ఒక పెళ్ళికి చెప్పిన చీర, గడువు ఇరవై రెండు రోజులు. ఒక్క రోజు మిగులు. అందుకే నేను పని చేస్తున్నా వాళ్ళు మగ్గం ఆపలేదు. ఆపమని నేనూ చెప్పలేదు.

నేను చూసింది, చూడనిది

మేడ మీదికి ఎక్కి ట్యాంకు దగ్గర వాల్వు కట్టేశాను. కిందికి వచ్చి సత్తిరాజు మేస్త్రి చెప్పినట్టు ఆ కుళాయే తెరిచి చూద్దామంటే, అది తిరగడం లేదు కదా. బిగుసుకుంది మూసి ఉన్నప్పుడే. అందుకని వంటింటి కుళాయి తిప్పాను. నాలుగు చుక్కలు రాలి ఆగిపోయింది. నీళ్ళు ఆగాయి అనుకున్నాను. తొమ్మిదీ యాభై ఐదుకు డైరీలో రాసుకున్నాను.

వీరబాబు తల్లి అప్పాయమ్మగారు గుమ్మం దగ్గర కూర్చుని కండెలకు పట్టు దారం చుడుతున్నారు. చూపు బాగా తగ్గిందట, నేత మానేసి నాలుగేళ్ళయింది. ఆవిడ అడిగారు.

"ఏమ్మా, మగ్గం మీద టార్పాలిన్ కప్పమంటావా? వానాకాలంలో కప్పేది ఉంది."

నేను అన్న మాట ఇది. ఒక్క అక్షరం మార్చడం లేదు. "అక్కర్లేదండి, నీళ్ళు కట్టేశాను."

నలభై మాటలు అక్కర్లేదు, ఈ రెండు ముక్కలు చాలు ఒక ఇంటిని ముంచడానికి.

పిడి మీద మూత తీశాను, మర విప్పాను, పిడి వచ్చింది. దాని వెనక గుండ్రటి తొడుగు కూడా వచ్చింది. లోపల కార్ట్రిడ్జ్ చుట్టూ తెల్లగా ఉప్పు. ఉప్పాడ బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, గాలిలో ఇంకా ఎక్కువ. వెనిగర్ గుడ్డ చుట్టి ముప్పావుగంట ఆగాను. వేడి గుడ్డ రెండుసార్లు వేశాను. రెండు రెంచిలు పట్టాను. పదకొండు దాటాక అది వెంట్రుకవాసి కదిలింది.

"వస్తోందాండి?" అన్నాడు వీరబాబు మగ్గంలోంచి.

"వస్తోంది. మీరు నేసుకోండి."

నాలుగు చుట్లు మర విప్పాక అంచున ఒక చుక్క కనపడింది. గుడ్డతో తుడిచాను. పైపులో మిగిలిన నీళ్ళు అనుకున్నాను. అరనిమిషం ఆగి చూస్తే రెండో చుక్క వచ్చేదో రాదో తెలిసిపోయేది. నేను ఆగలేదు. గడియారం చూసుకున్నాను. పదకొండూ ఇరవై రెండు.

ఇత్తడి మీద మిగిలిన మర చుట్లను ఉప్పు ఎప్పుడో తినేసింది. కార్ట్రిడ్జ్ నా చేతిలోకి రాలేదు, నా చెంప పక్కనుంచి దూసుకుపోయింది.

ఆరు నిమిషాలు

నీళ్ళు గోడలోంచి అడ్డంగా వచ్చాయి. మగ్గం ఏడు అడుగుల దూరంలో ఉంది. నీళ్ళు సరిగ్గా దాని మీదే పడ్డాయి. ముందు వచ్చినవి తేట నీళ్ళు కావు. పాత ఇనప పైపులో ఏళ్ళ తరబడి పేరుకున్న తుప్పు, ఇటుక రంగు నీళ్ళు.

నూకరత్నం గుంతలోంచి లేవలేదు. బిగించిన పడుగు పోగుల మీదికి వంగి తన వీపు అడ్డం పెట్టింది. నీళ్ళు ఆమె వీపు మీద కొట్టి రెండు వైపులా చిమ్మాయి.

నేను అరచెయ్యి అడ్డం పెట్టాను. వేళ్ళ సందుల్లోంచి ఇంకా దూరం పోయాయి. కార్ట్రిడ్జ్ వెతికి మళ్ళీ గుచ్చబోతే మరలు పట్టడం లేదు. ఆఖరికి గుడ్డ ముద్ద కుక్కి భుజంతో ఒత్తి నిలబడ్డాను. సగం ఆగాయి, సగం ఆగలేదు.

"వాల్వు కట్టారన్నారు కదండీ!" అని వీరబాబు పైకి పరిగెత్తాడు. పైనుంచి కేక. "కట్టే ఉందండి! ఇంకా ఎలా వస్తున్నాయి?"

నాకు అర్థం కాలేదు. కట్టిన వాల్వు, ఆగని నీళ్ళు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నా బుర్ర పనిచేయలేదు. అప్పుడు అప్పాయమ్మగారు గోడ పట్టుకుని లేచి పైకి కేకేశారు.

"ఒరేయ్, ఈ గదికి నీళ్ళు మీ అన్నయ్య ట్యాంకువి కదరా!"

అదీ సంగతి. సముద్రం ముందుకు వచ్చినప్పుడు వాళ్ళ ముందు గది, అందులో ఉన్న మగ్గం గుంత కొట్టుకుపోయాయి. పక్కింట్లో ఉండే అన్నగారు తన ఇంటి వెనక గది తమ్ముడికి ఇచ్చి, మధ్య గోడకు గుమ్మం కొట్టించాడు. గది మారింది గానీ పైపు మారలేదు. నీళ్ళు అన్నగారి రెండంతస్తుల మేడ మీది ట్యాంకు నుంచే వస్తున్నాయి. అంత ఎత్తునుంచి కాబట్టే అంత వేగం. వాళ్ళకు అది చెప్పాల్సిన విషయం అనిపించలేదు. అన్నదమ్ముల మధ్య ఏది ఎవరిదో లెక్క పెట్టుకోని ఇల్లు అది. వాళ్ళు చెప్పలేదనడం తప్పు. నేను అడగలేదు.

అన్నగారి ఇంటికి తాళం. వాళ్ళు పిఠాపురం పెళ్ళికి వెళ్ళారు. వీరబాబు సన్‌షేడ్ మీదనుంచి పాకి ఆ మేడ ఎక్కాడు. నీళ్ళు ఆగేసరికి పదకొండూ ఇరవై ఎనిమిది.

కత్తెర

గుంతలో పిక్కల లోతు నీళ్ళు. గది నేలంతా నీళ్ళే. బుటాలు గీసిన కాగితాలు తేలుతున్నాయి. మీగడ రంగు పట్టు మీద ఇటుక రంగు మరకలు, దానికి తోడు ఎర్ర అంచు రంగు దిగి పాకుతోంది. పడుగుకు పెట్టిన గంజి కరిగి పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుంటున్నాయి.

అప్పాయమ్మగారు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి, చేత్తో పడుగు తడిమి చూశారు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా.

"కోసెయ్యి" అన్నారు.

"అత్తా, ఆరబెడదాం" అంది నూకరత్నం. "ఫ్యాను పెడదాం. నాలుగు గజాలత్తా."

"ఆరితే అచ్చు పళ్ళ మధ్య పోగులు కరుచుకుంటాయి. అచ్చూ పోతుంది. తడి మీదే కొయ్యాలి."

"నేను కొయ్యలేను."

"తెలుసు."

ఆవిడే కత్తెర తెమ్మన్నారు. ఆవిడకు చూపు ఆనదు కాబట్టి వేళ్ళతో పోగులు పట్టుకుని, ఒక గుప్పెడు తరవాత ఒక గుప్పెడు కోశారు. బిగువుగా ఉన్న పట్టు తెగినప్పుడు ఒక చిన్న చప్పుడు వస్తుంది, దారం కొరికినట్టు. పంతొమ్మిది గుప్పెళ్ళు. నేను లెక్కపెట్టాను. నా వంతు పని ఇంకేమీ లేక లెక్కపెట్టాను.

వాళ్ళు నన్ను తిట్టలేదు. తిడితే ఏం చేయాలో నాకు తెలుసు, ఆ అలవాటు ఉంది. వీరబాబు గుంతలోంచి నీళ్ళు తోడుతుంటే నేనూ బిందె తీసుకున్నాను. ఏడు బిందెలు. ఆ తరవాత సంచీ సర్దుకోబోతే అప్పాయమ్మగారు అడిగారు.

"ఎక్కడికమ్మా? వచ్చిన పని అయిందా?"

"ఏ మొహం పెట్టుకుని చెయ్యనండి?"

"కుళాయి చెయ్యడానికి మొహం ఎందుకు? చేతులు చాలు. బిగించి వెళ్ళు. గోడకి కన్నం ఉంచి పోతావా?"

లోపలి ఉప్పు గీకి, మరలు శుభ్రం చేసి, కొత్త కార్ట్రిడ్జ్ బిగించాను. మధ్యాహ్నం ఒంటిగంటా పది. వీరబాబు అన్నగారి వాల్వు తెరిచాడు. కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చాయి, మూస్తే ఆగాయి. నూకరత్నం లేచి వచ్చి ఆ కుళాయి కింద చేతులు కడుక్కుంది. ఎందుకు కడుక్కుందో ఆమెకే తెలియదనుకుంటాను. ముట్టుకోవడానికి మగ్గం మీద ఏమీ లేదు.

నేను ఇవ్వగలిగింది వారం తరవాత తీసుకెళ్ళి ఇచ్చాను. ఎంతో ఇక్కడ రాయను. దాంతో ఒక పడుగు వస్తుంది, నలభై ఒక్క రోజులు రావు. షావుకారు గడువు పొడిగించలేదు. పెళ్ళివాళ్ళు వేరే చీర కొనుక్కున్నారట.

మీరు చేయవలసింది

కుళాయి మూసిన స్థితిలో బిగుసుకుంటే, దాన్ని తెరిచి పరీక్షించడం కుదరదు. ఇంకో కుళాయి ఎండిందని ఇది ఎండినట్టు కాదు. పైపు ఎక్కడినుంచి వస్తోందో కళ్ళతో చూస్తూ ట్యాంకు దాకా నడవండి. గోడ అడ్డం వస్తే గోడ అవతలికి నడవండి. ఇంటివాళ్ళను "నీళ్ళు కట్టేశారా" అని అడగకండి, "ఈ గది ఎప్పుడు కలిపారు, ముందు ఎవరిది" అని అడగండి. ఆ ప్రశ్నకు ఎవరైనా జవాబు చెబుతారు. మన తీరం ఊళ్ళలో ఇళ్ళు వెనక్కి జరుగుతూ ఉంటాయి, పైపులు జరగవు.

ఉన్న వాల్వులన్నీ కట్టండి. పాత వాల్వు లోపలి పలక ఊడిపోయి ఉండచ్చు, అది తిరిగినంత మాత్రాన నమ్మకండి. మొదటి చుక్క కనపడితే చెయ్యి తీసేసి, రెండో చుక్క కోసం నిలబడండి. కార్ట్రిడ్జ్‌కు ఎదురుగా ఏముందో చూడండి, ఏదున్నా జరపండి, జరగకపోతే కప్పండి. ఎవరైనా కప్పమంటారా అని అడిగితే మీ జవాబు ఒక్కటే ఉండాలి.

అనుభవం ఉన్నవాళ్ళు తప్పు చేయరని మీకు చెబుతారు. నా మొదటి మూడేళ్ళలో నేనైతే ఆ గదిలో కచ్చితంగా టార్పాలిన్ కప్పించేదాన్ని. భయం ఉండేది కాబట్టి.

పోయినవి

నేసిన బట్ట నూట నలభై మూడున్నర అంగుళాలు.

నేయని పడుగు, డెబ్బై రెండున్నర అంగుళాలకు సరిపడేది.

ఇద్దరు మనుషుల నలభై ఒక్క రోజులు.

బుటాలు గీసిన కాగితాలు పదకొండు. వాటికి నకలు లేదు.

అచ్చు ఒకటి. తడి మీదే కోసినా దక్కలేదు.

నూకరత్నం నేత. ఆగస్టు మొదటి సోమవారం నుంచి రొయ్యల ఫ్యాక్టరీ బస్సు ఎక్కుతోంది, పొద్దున్న ఐదున్నరకు.

మగ్గం గుంత ఒకటి, లోతు రెండున్నర అడుగులు. ఇసుక పోసి, పైన సిమెంటు చేశారు.